నక్షా మాట వేరు, ఒప్పందం మాట వేరు

సంపాదకులకు,

2025 జూలైలో థాయ్‌లాండ్, కాంబోడియా అయిదు రోజులు కొట్టుకున్నప్పుడు మన పత్రికలు చాలావరకు ‘గుడి కోసం గొడవ’ అని రాసి ఊరుకున్నాయి. పేచీ కాగితాల్లో ఉంది.

ప్రేహ్ విహార్ గుడి సంగతే చూడండి. 1904లో ఫ్రాన్సు, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాసుకున్న ఒప్పందం ప్రకారం డాంగ్రెక్ కొండల మీద వాననీరు రెండు పక్కలకీ చీలే గట్టే హద్దు. 1907లో ఫ్రెంచి అధికారులు గీసిన నక్షాలో గీత ఆ గట్టు తప్పి, గుడిని కాంబోడియా వైపు వేసింది. సయాం అభ్యంతరం చెప్పలేదు సరికదా, ఇంకో పదిహేను ప్రతులు అడిగి తెప్పించుకుంది. 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం 9–3 తేడాతో గుడిని కాంబోడియాకిచ్చింది ఎక్కువగా ఆ మౌనాన్ని చూసే. మిగతా హద్దు తేలలేదు. కాంబోడియా పట్టుకున్న పాత నక్షా స్కేలు 1:2,00,000. దాని మీద అర మిల్లీమీటరు గీతంటే నేల మీద 100 మీటర్లు. థాయ్‌లాండ్ చూపించేది 1:50,000 నక్షా. రెండూ ఒకచోట ఎలా కలుస్తాయి?

ఈశాన్యాన టిబెట్‌తో మన హద్దయిన మెక్‌మహన్ రేఖదీ (1914) ఇదే జబ్బు. అంగుళానికి ఎనిమిది మైళ్ల నక్షా మీద గీశారు. అరుణాచల్ పడమటి కొసన తాగ్‌లా కొండ దగ్గర గీత దక్షిణాన పడింది, నీరు చీలే శిఖరం ఉత్తరాన ఉంది. మనం శిఖరం అన్నాం, చైనా గీత అంది. 1962 సెప్టెంబరులో గొడవ రాజుకున్నది అక్కడే. థాయ్‌లాండ్ ఓడిపోయిన వాదన (గీత కాదు, గట్టే హద్దని), మనం చేసిన వాదన ఒకటే కావడం గమనించాలి.

ఊళ్లో గట్టు తగాదా వస్తే సర్వేయరు ఊరి నక్షా మీద స్కేలు పెట్టడు. ఎఫ్‌ఎంబీలో (పొలం కొలతల పుస్తకంలో) రాసిన కొలతలు తీసుకుని, చెదరని పాత రాయి నుంచి కొలుచుకుంటూ వస్తాడు. వలస పాలకులు గీసిన ఆ హద్దుల్లో చాలాచోట్ల గీత ముందు పడింది, రాళ్లు తర్వాత పాతారు, కొన్నిచోట్ల అసలు పాతనే లేదు.

పులికాట్ సరస్సులో మరీ విడ్డూరం. నెల్లూరు, చెంగల్పట్టు జిల్లాల మధ్య కలెక్టర్ల లెక్క కోసం ఉన్న హద్దు 1953 అక్టోబరు 1న రాష్ట్రాల హద్దయి కూర్చుంది. నీళ్లలో రాయి నిలవదు. వలల తగాదాలు తెగకపోవడానికి అదీ ఒక కారణం.

ఇకమీదట సరిహద్దు వార్త వేసేటప్పుడు ఎవరు ఏ కాగితం చూపిస్తున్నారో, అది ఏ సంవత్సరానిదో, స్కేలు ఎంతో ఒక్క వాక్యంలోనైనా వేయగలరా?

– విశ్రాంత సర్వే ఉద్యోగి, కావలి