మూడో పేరు మనదే

మాధవరం, చెన్నై
ఆదివారం రాత్రి

బుజ్జితల్లీ,

బుధవారం నువ్వు ఫోనులో అడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేదు. "అమ్మకు ఎప్పుడు చేసినా రెండు నిమిషాల్లో పెట్టేస్తుంది, వారమంతా ఏం చేస్తోంది నాన్నా?" అన్నావు. "మీటింగులమ్మా" అని తప్పించుకున్నాను. ఈ వారం జరిగిన మీటింగు ఒక్కటే. మిగతా సంగతి చెప్పాలంటే నేను చేసిన ఒక తెలివితక్కువ పని కూడా చెప్పాలి. ఫోనులో చెబితే నువ్వు నవ్వుతావు, మీ అమ్మ పక్కగదిలోంచి సరిదిద్దుతుంది. అందుకే కాగితం తీశాను. తాతయ్య నీ చేత గుణింతాలు దిద్దిస్తుంటే విసుక్కునేదానివి కదా, ఇప్పుడు పనికొచ్చాయి.

మన వార్డుకు కౌన్సిలర్ అయినప్పటినుంచీ పొద్దున ఐదున్నరకే మీ అమ్మ బయలుదేరుతుంది. పారిశుద్ధ్య కార్మికులు హాజరు వేయించుకునే చోటికి వెళ్ళి నిలబడుతుంది. కౌన్సిలర్ అక్కడికి వెళ్ళి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. ఎవరు రాలేదో చూసుకుంటే ఏ వీధిలో చెత్త మిగిలిపోతుందో, ఏ ఇంటినుంచి ఫోను వస్తుందో ముందే తెలుస్తుందట. ఏడింటికి తిరిగి వచ్చేసరికి మన వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు నిండి ఉంటాయి. వాళ్ళకు కాఫీ నేనే కలుపుతున్నాను, నువ్వు నమ్మకపోయినా.

ఆ వచ్చేవాళ్ళలో సగానికి పైగా అడిగేవి కౌన్సిలర్ చేతిలో లేని పనులు. రేషన్ కార్డు పౌర సరఫరాల శాఖది. పట్టా తాసిల్దారుది. తాగునీరు, మురుగునీటి గొట్టాలు మెట్రోవాటర్‌వి, అది 1978 నుంచీ వేరే సంస్థ. కరెంటు సరఫరా ఒకరిది, వీధి దీపం కార్పొరేషన్‌ది. లోపలి రోడ్లు, వాననీటి కాలువలు, చెత్త, పార్కులు, కార్పొరేషన్ బడులు, ఇంటి పన్ను, జనన మరణ పత్రాలు, శ్మశానం, ఇవీ మనవి. ఈ లెక్క జనానికి ఎందుకు తెలియాలి? కుళాయిలో నీళ్ళు రాకపోతే, ఓటు కోసం గుమ్మంలోకి వచ్చిన మనిషినే అడుగుతారు. మీ అమ్మ "అది నాది కాదు" అనదు. అర్జీ తానే రాసి, ఎవరి దగ్గరికి వెళ్ళాలో, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో వెనక రాసి ఇస్తుంది. సోమవారం ఒక ముసలావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. వాడి జనన పత్రంలో పేరు లేదు, బడిలో అడుగుతున్నారు. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయిస్తే రుసుము లేదనీ, ఏడాదిలోపు పేరు చేర్చినా లేదనీ, ఆ తరువాతైతే ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ళదాకా చేర్చుకోవచ్చనీ మీ అమ్మ పుస్తకం చూడకుండా చెప్పింది. ఆవిడ ఇంకా కంగారు పడుతుంటే, "మా అమ్మాయికి పేరు కుదరక మా ఆయన పదకొండు నెలలు ఆలోచించారు" అని ధైర్యం చెప్పింది. అది నిజమే. నీకు ఇప్పటికీ ఆ పేరు నచ్చలేదు, అది వేరే విషయం.

వచ్చినవాళ్ళలో కొందరు మీ అమ్మను దాటి లోపలికి తొంగి చూస్తారు. "సార్ లేరా?" అంటారు. మొదటి రెండేళ్ళూ ఆమె నన్ను పిలిచేది. ఇప్పుడు, "సార్ లారీ ఆఫీసుకు వెళ్ళారు, మీకు లారీ కావాలా?" అని అడుగుతోంది.

ఆ "సార్" ఎలా పుట్టాడో నీకు సగమే తెలుసు. 2022 ఫిబ్రవరి ఎన్నికల్లో నిలబడాలనుకున్నది నేను. కార్యకర్తల్ని పోగుచేసుకున్నాను, రెండు చొక్కాలు కూడా కుట్టించుకున్నాను. తీరా రిజర్వేషన్ల జాబితా వచ్చేసరికి మన వార్డు ఆడవాళ్ళకు పోయింది. "మీ ఇంట్లోవాళ్ళను నిలబెట్టండి, పని ఎలాగూ మీరే చూసుకుంటారు కదా" అన్నారు పార్టీలో. నేనూ అలాగే అనుకున్నాను. పోస్టర్లలో మీ అమ్మ ముఖం కంటే నా ముఖం పెద్దదిగా పడింది, నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు దాన్ని ఫోటో తీసి నీ స్నేహితులకు పంపి నవ్వుకున్నావు. అప్పుడు నాకు కోపం వచ్చింది.

ఇక మంగళవారం సంగతి. అక్టోబరు వచ్చిందంటే ఇక్కడ అందరికీ కాలువలే లోకం. ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ లోపల పూడిక తీయాలి. పూడిక తీసే మనుషులు మన వీధిలో మూత లేపితే, వానచుక్క లేని రోజున కాలువలో సగం దాకా నల్లటి నీళ్ళున్నాయి. ఎక్కడినుంచి వచ్చాయి? ఇళ్ళనుంచి. వాననీటి కాలువలోకి స్నానాల నీళ్ళూ, బట్టలు ఉతికిన నీళ్ళూ, కొన్నిచోట్ల అంతకంటే అధ్వాన్నమైనవీ దొంగగా వదులుతున్నారు. సబ్బూ జిడ్డూ మట్టితో కలిసి అడుగున గట్టిపడితే, అసలు వాన పడ్డ రోజు దానికి చోటుండదు. అది రోడ్డెక్కుతుంది, తరువాత మన ముందుగదిలోకి వస్తుంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు మన నెత్తిన కురిసింది గుర్తుందా? నువ్వు మేడమీది వాళ్ళింట్లో కూర్చుని, ఫోనులో చార్జింగు లేదని ఏడ్చావు. మీ అమ్మ చెత్త ట్రాక్టరు ఎక్కి, తొడల దాకా నీళ్ళున్న వీధుల్లో పాలపొట్లాలు పంచింది. ఆ ట్రాక్టరు మీద నేను కూడా ఉన్నాను, చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను.

అసిస్టెంట్ ఇంజనీరు వీధి పొడవునా తిరిగి, దొంగ గొట్టాలున్న ఇళ్ళ జాబితా తయారుచేశాడు. మొత్తం పదకొండు ఇళ్ళు. అందులో మూడో పేరు మనదే.

నీకు తెలియదు కానీ నాకు తెలుసు. మాధవరం ఇంకా మునిసిపాలిటీగా ఉన్న రోజుల్లో తాతయ్య పెరటి నీళ్ళను రోడ్డు పక్కనున్న మురుగు కాలువలోకి వదిలాడు. అప్పట్లో అందరూ అలాగే చేసేవారు, భూగర్భ మురుగు గొట్టాలు లేవు. 2011లో మనల్ని చెన్నైలో కలిపారు. 174 చదరపు కిలోమీటర్ల నగరం 426 అయింది, 155 వార్డులు 200 అయ్యాయి. ఆ తరువాత మన వీధికి మురుగు గొట్టం వచ్చింది. నేను మరుగుదొడ్డిని మాత్రం దానికి కలిపించాను. పెరటినుంచి వీధిదాకా ఇంకో గొట్టం వేయాలంటే ఇల్లంతా తవ్వాలి, పదిహేను వేలు అవుతుందన్నారు. "స్నానం నీళ్ళే కదా" అన్నాను. రోడ్డు పక్క కాలువ తీసేసి కాంక్రీటు వాననీటి కాలువ కట్టినప్పుడు కూడా ఆ గొట్టం అందులోకే దూరింది. మీ అమ్మ కౌన్సిలర్ అయ్యాక ఆ మాట ఎత్తకుండా మూడున్నరేళ్ళు గడిపాను.

మంగళవారం సాయంత్రం ఆ ఇంజనీరుకు ఫోను చేశాను. మీ అమ్మ పేరు చెప్పలేదు, చెప్పనక్కరలేదు కదా. "బాబూ, మనది తరువాత చూసుకుందాం, వానలు వెళ్ళాక నేనే చేయించేస్తాను" అన్నాను. "సరే సార్" అన్నాడు. ఇద్దరం ఇంకేమీ మాట్లాడలేదు. కుర్రవాడు, ఉద్యోగానికి కొత్త. అతన్ని ఏమనగలను?

బుధవారం కార్పొరేషన్ వారి రిప్పన్ భవనంలో కౌన్సిల్ సమావేశం. మీ అమ్మను స్కూటరు మీద దించాను. నీ ఫోను నాకు వచ్చింది అక్కడే, వేపచెట్టు కింద నిలబడి ఉండగా. పూడిక తీసిన మట్టిని గట్టునే వదిలేస్తే మొదటి వానకే మళ్ళీ కాలువలో పడుతుందని, తీసిన రోజునే లారీకెక్కించాలని అడగడానికి మీ అమ్మ నాలుగు రోజులనుంచి రాసుకుంది. ఆమెకు దొరికింది మూడు నిమిషాలు. మేయరు ప్రియ 2022లో ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు వయసు 28. ఆ సభలో మాత్రం "సార్ లేరా?" అని ఎవరూ అడగరని మీ అమ్మ అంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు నేను ఉత్సాహంగా చరిత్ర చెప్పాను. ఈ కార్పొరేషన్ 1688లో మొదలైందనీ, ఆ మొదటి సభలోని పన్నెండుమంది ఆల్డర్మన్లలో, అంటే నగరసభ పెద్దల్లో, చిన వెంకటాద్రి అనే మన తెలుగు వర్తకుడు ఉన్నాడనీ. వెనక సీటునుంచి ఆమె, "ఆయన భార్య పేరు ఎక్కడైనా రాసి ఉందా?" అంది. నేను గేరు మార్చాను.

ఆ రాత్రి ఇంజనీరు జాబితా పట్టుకుని ఇంటికే వచ్చాడు. పది పేర్లున్నాయి. మీ అమ్మ లెక్కపెట్టింది. "నిన్న పదకొండు కదా?" అంది. అతను నావైపు చూశాడు. "సార్ చెప్పారు…" అన్నాడు.

ఆమె అరిచి ఉంటే బాగుండేది. కలం తీసుకుని, రెండో పేరుకూ మూడో పేరుకూ మధ్య ఉన్న సందులో మన తలుపు నంబరు ఇరికించి రాసింది. "రేపు మొదట ఇదే కొట్టండి" అంది. తరువాత వంటింట్లోకి వెళ్ళి అతనికి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. గురువారమంతా నాతో మాట్లాడలేదు. మాట్లాడవలసి వస్తే గోడతో చెప్పినట్టు, "ఎవరో లారీ ఆఫీసుకు టిఫిన్ డబ్బా మరిచిపోయారు" అంది.

అదే రోజు పొద్దున ఆమె కార్పొరేషన్ బడిలో పిల్లల అల్పాహారం చూడటానికి వెళ్ళింది. ఆ రోజు ఉప్పు తక్కువైందట. బడిపిల్లలకు భోజనం పెట్టడం ఈ నగరానికి కొత్త కాదు, 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి కార్పొరేషన్ అధ్యక్షుడుగా ఉండగా థౌజండ్ లైట్స్ బడిలో మొదలుపెట్టారు. ఇది కూడా చెబుదామనుకున్నాను, కానీ వినేవాళ్ళు లేరు.

గొట్టం గురువారం కొట్టలేదు, మనుషులు దొరకలేదు. శుక్రవారం వచ్చారు. వీధిలో అందరూ వాకిళ్ళలో నిలబడి చూశారు. పెరటినుంచి పక్క సందు గుండా వీధిదాకా తవ్వి కొత్త గొట్టం వేశారు. ఖర్చు ముప్పై ఒక్క వేలు. అప్పట్లో పదిహేను వేలు మిగిల్చానని నేను చెప్పుకున్న లెక్క ఇది. మధ్యాహ్నానికి మిగతా పదిళ్ళలో ఆరుగురు తామే మేస్త్రీని పిలిపించుకున్నారు. ఇద్దరు కోర్టుకు వెళతామంటున్నారు. మిగతా ఇద్దరు ఇంట్లో లేనట్టు తలుపులు వేసుకున్నారు.

శుక్రవారం రాత్రి పదకొండింటికి వెనక వీధిలో రోడ్డు పని. పాత రోడ్డును గీకకుండా దానిమీదే కొత్తది పోస్తూపోతే రోడ్డు పైకి, ఇళ్ళు గుంటలోకి వెళతాయి. ఆ వీధిలో కొన్ని ఇళ్ళకు గడప దిగి లోపలికి వెళ్ళాలి, చూశావుగా. అందుకే గీకుడు ఎంత లోతున్నదో మీ అమ్మ స్వయంగా కొలుస్తుంది. దేనితో అనుకున్నావు? నీ ఏడో తరగతి జామెట్రీ పెట్టెలోని స్కేలుతో. కాంట్రాక్టరు మనుషులకు ఆ స్కేలంటే నవ్వు, కానీ యంత్రం వెనక్కి తిప్పి మళ్ళీ గీకారు. టార్చిలైటు పట్టుకున్నది నేను. నన్ను రమ్మని ఆమె అడగలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు. ఒంటిగంటకు, "కాస్త ఇటు వెయ్యండి లైటు" అంది. రెండు రోజుల తరువాత నాతో అన్న మొదటి మాట అది.

శనివారం మూడు పెళ్ళిళ్ళు, ఒక సీమంతం, ఒక చావు. చావుకే ఎక్కువసేపు ఉంది. 2023 నుంచి కౌన్సిలర్లకు నెలకు 10,000 గౌరవ వేతనం ఇస్తున్నారు. అది పెట్రోలుకూ చదివింపులకూ పోను ఏమీ మిగలదు, లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి నాకు బాగా తెలుసు. 2027లో ఈ పదవీకాలం ముగుస్తుంది. మళ్ళీ నిలబడతావా అని అడిగితే, "ముందు ఈ వాన దాటనివ్వండి" అంటోంది. ఈసారి పోస్టరులో నా ఫోటో ఉండదు. నేను చెప్పిన మాటే ఇది, ఆమె అనలేదు.

సాయంత్రం నుంచి సన్నగా పడుతోంది. ఇందాక గొడుగు వేసుకుని వెళ్ళి మూత సందులోంచి చూశాను, కాలువ పారుతోంది. మీ అమ్మ ఏడింటికే నిద్రపోయింది.

శనివారం మధ్యాహ్నం రెండింటినుంచి మూడింటిదాకా ఆమెకు తీరిక. అప్పుడు చెయ్యి, ఆమె నంబరుకే చెయ్యి. నాకు చేసి "అమ్మకు చెప్పండి" అనకు. గోంగూర పచ్చడి సీసా రేపటి హైదరాబాదు లారీలో పంపుతున్నాను, ఆఫీసుకు వెళ్ళి తెచ్చుకో. తవ్వకంలో సందులోని నీ మల్లె చెట్టు పోయింది. వేరు కొంచెం మిగిలితే తొట్టిలో పెట్టాను, బతికేలా లేదు. ముందే చెబుతున్నాను, దీపావళికి వచ్చి నన్ను తిట్టవద్దు.

నాన్న