పన్నెండు దినాల గోధుమపిండి ముచ్చట

అన్నలకు, అక్కలకు, సార్లకు రొట్టెలక్క నమస్తే.

వారం దినాల నుంచి నా జొన్నరొట్టెల కొట్టు షట్టర్ ఎత్తలే. పానం బాగలేదా అని కొందరు, పాలమూరుల ఈ మెట్టుగడ్డ ఇడిసి పోయిండ్రా అని కొందరు ఫోన్లు చేస్తున్నరు. పానం మంచిగనే ఉంది, యాడికీ పోలే. గురువారం సాయంత్రం మళ్ల పొయ్యి ముట్టిస్తున్న. ముట్టిచ్చే ముందు ఒక ముచ్చట చెప్పాలె. నేను చెప్తుంటే నా చిన్నబిడ్డ ఫోన్ల రాస్తున్నది. నడుమ నడుమ "ఇది వద్దమ్మా" అంటున్నది. రాయమనే చెప్పిన.

సంక్రాంతి ఎల్లినంక పన్నెండు దినాలు మీకు అమ్మిన జొన్నరొట్టెల్ల గోధుమపిండి కలిపిన. పది కిలోల జొన్నపిండికి రెండు కిలోలు. ఎవ్వరికీ చెప్పలే. బోర్డు మీద మాత్రం "అచ్చం జొన్నరొట్టె" అనే ఉండె, దాన్ని రోజూ తడిబట్టతోటి తుడిచింది గూడ నేనే.

ఎట్ల జరిగిందో చెప్త. తప్పు చిన్నగ చేసుకుందామని కాదు. మీరు తిన్నదేందో మీకు తెల్వాలె గద.

2016ల ఒక్క పొయ్యితోటి మొదలువెట్టిన. పూటకు అరవై రొట్టెలు పోతే ఆ దినం పండుగ. తర్వాత 2023 చిరుధాన్యాల సంవత్సరం అని టీవీలల్ల చెప్పుడు షురువయ్యింది. మా తాతల కాడి నుంచి తినే జొన్న ఒక్కసారిగ డాక్టర్లు రాసిచ్చే తిండి అయ్యింది. షుగర్ ఉన్నోళ్లు, సన్నవడాలనుకునేటోళ్లు, హైదరాబాద్ రోడ్డు మీద కార్లు ఆపేటోళ్లు అందరూ వస్తుండ్రి. ఫోన్ల ఆర్డర్లు తీసుకునే కంపెనీ పిల్లగాడు వచ్చి టేబుల్ మీద ఒక డబ్బా పెట్టిపోయిండు. అది టింగ్ మంటది. టింగ్ మన్నప్పటి నుంచి పద్దెనిమిది నిమిషాలల్ల రొట్టెలు కట్టియ్యాలె. ఆలస్యమైతే కొట్టుకు రేటింగు చుక్కలు తగ్గుతయంట. వందల పాతిక దాక వాళ్లే పట్టుకుంటరు. పట్టుకుంటే పట్టుకోనీ అనుకున్న. ఆ టింగ్ మాత్రం నాకు నిద్రల గూడ వినవడుతుండె. ఒకరాత్రి మా ఆయన లేపి, "ఎవరికి కడుతున్నవే రొట్టెలు?" అని అడిగిండు. దుప్పటి మడతవెడుతున్ననంట.

మూడు పొయ్యిలైనా సాలలే. పోయిన దసరాకు 68 వేలు వెట్టి రొట్టెల మిషన్ తెచ్చిన, సగం అప్పు. అమ్మినాయన దగ్గరుండి చేసి చూపిచ్చిండు, మంచిగనే వచ్చినయి. రెండు నెలలు ఏం ఇబ్బంది లేదు. పూటకు ఆరువందలు. పనికి వచ్చే ఇద్దరు ఆడోళ్లు పిండి ముద్దలు చేసుడు తప్ప చెయ్యి కదిపే పని లేకపాయె. కొట్టేటప్పుడు ఒకరికొకరు కోడండ్ల ముచ్చట్లు చెప్పుకునేటోళ్లు, మిషన్ సప్పుడుకు అవి గూడ బందయినయి.

ఇగ సేటు సంగతి. దీనికి జర ఎక్కువ జాగ పడుతది, ఓపిక పట్టుండ్రి.

ఏడేండ్ల సంది ఒక్క సేటు కాడనే జొన్నలు కొంటున్న. పేరు చెప్ప, మా పెద్దబిడ్డ పెండ్లికి వచ్చి చీర పెట్టిపోయిన మనిషి. ఆయన తెచ్చేవి అలంపూర్ దిక్కు నల్లరేగడిల పండిన యాసంగి తెల్లజొన్నలు. ఆ పంట ముచ్చటే వేరు. వానలు ఎనుకవట్టినంక విత్తుతరు, పైన చుక్క పడకున్నా రేగడిల దాగిన తడి మీదనే నాలుగు నెలలు మెల్లగ ఎదుగుతది. మంచుకాలం అంత చేన్లనే ఉంటది. అందుకే గింజ ముత్యం లెక్క తెల్లగ, గట్టిగ ఉంటది. వానకాలం జొన్న అట్ల కాదు. కంకి పాలు పోసుకుని గట్టివడే యాళ్లకు వాన తగిలిందంటే గింజకు బూజు పడ్తది, నల్లమచ్చలొస్తయి. కోళ్లకు దాణకు పోవాల్సిన సరుకు అది. ఆ దిక్కు గూడ ఇప్పుడు శనగ మీద వడి జొన్న ఏసేటోళ్లు తగ్గిండ్రు. అందుకే పాత యాసంగి జొన్న సంక్రాంతికల్ల అయిపోతది, కొత్తది శివరాత్రికి గాని రాదు. ఆ నడిమిట్ల నెలన్నరే కష్టం. ప్రతి ఏడు సేటు నాకోసం పది సంచులు పక్కకు వెట్టేటోడు.

ఈసారి సంచులైతే వచ్చినయి. మూతికాడ పిడికెడు తీసి చూసిన, తెల్లగ మెరుస్తున్నయి. పైసలిచ్చి పంపిన. ఆ తొందరల మోచేతి దాక చెయ్యి వెట్టి అడుగు జొన్నలు తియ్యలే. ఏడేండ్లల్ల ఎన్నడూ తియ్యకుండ లేను, ఆ ఒక్కనాడు టింగ్ టింగ్ మని మోగుతుంటే ఇడిసిపెట్టిన. గిర్నికి పట్టిచ్చినంక పిండి రంగు చూస్తే గుండె జారింది. ముట్టుకుంటే జిగురు లేదు, వాసన గూడ ముక్కినట్టు. తక్కిన సంచులు కుమ్మరిస్తే పైన రెండు శేర్లు ముత్యాలు, కిందంత నల్లమచ్చలు.

ఫోన్ చేస్తే సేటు ఏమన్నడో నాకు అక్షరం పొల్లుపోకుండ యాదికుంది. "మిషన్ల పడినంక తెల్లదేంది నల్లదేంది అక్కా? చేత్తోటి కొట్టేటప్పుడంటే నీకు తెల్వాలె."

వాపస్ తీసుకోలే. చీర పెట్టిన మనిషితోటి ఎట్ల కొట్లాడాలె? ఆ చీర పెట్టెల ఉంది. ఒకనాడు తీసి బయట పడేద్దామనుకున్న. నా బిడ్డ ఒప్పుకోలే, మంచి చీరనంట.

జొన్నపిండికి గోధుమపిండికున్న సాగుడు ఉండదు. చేసేటోళ్లకు ఇది ఎర్కే. అందుకే కాగే ఎసరు పోసి, అరచేతి మొదలుతోటి పాముతం. ఎంత పామితే అంత కట్టుకుంటది. పాత పిండైనా, పాడువడ్డ జొన్నైనా ఎంత పామినా అంచులు పగులుతయి. చెయ్యి అయితే ఆ పగులును ఏలుతోటి సదిరి ముందుకువోతది. మిషన్ పగిలింది పగిలినట్టే బయటికి తోస్తది. మొదటిదినం నలభై రొట్టెలు ముక్కలైనయి. మిషన్ అమ్మినాయనకు ఫోన్ చేస్తే, "రెండు కిలోలు గోధుమపిండి కలుపు అక్కా, అందరూ కలుపుతరు" అన్నడు.

ఆ రాత్రి గోధుమపిండి సంచి ముందటవెట్టుకుని ఎంతసేపు కూసున్ననో. ఆర్డర్లు నూటఎనభై ఉన్నయి. అప్పు కిస్తు ఐదో తారీకు. కలపకుంటే కొట్టు బంద్, కలిపితే బోర్డు అబద్ధం. బోర్డు మార్చి రాద్దామా అని గూడ అనుకున్న, "కొంచెం గోధుమ కలిపినది" అని. చిన్నగ రాస్తే ఎవరు చదువుతరు, పెద్దగ రాస్తే ఎవరు కొంటరు అని లెక్కలేసిన. లెక్కలేసినప్పుడే తెల్వాలె నాకు. కలిపిన.

పన్నెండో దినం నాడు మా సార్ వచ్చిండు. రిటైరైన సార్, షుగర్ ఉంది, కొట్టు తెరిచిన్నాటి నుంచి వారానికి నాలుగు సార్లు వస్తడు. రెండు రొట్టెలు, ఎల్లిపాయ కారం. సార్ రొట్టె తుంచిండు. జొన్నరొట్టె తుంచితే పుటుక్కున ఇరగాలె. అది సాగింది. సార్ దాన్ని చూసి, నన్ను చూసి, "అమ్మా, ఇది పుల్కకు చుట్టమా?" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. నేను "కొత్తజొన్న సార్" అన్న. సార్ మారు మాట్లాడకుండ రెండూ తిని, ముప్పై రూపాయలు పెట్టి పోయిండు. మళ్ల రాలే.

కలిపినందుకు కన్నా ఆ మాటకు నాకు సిగ్గయితున్నది. తెల్లారే షట్టర్ గుంజేసిన.

మూసినంక మొదటిదినం పొద్దుగాల నాలుగింటికే మెలకువ వచ్చింది. చేసేటందుకు పని లేదు. వాకిలి ఊడ్చిన, మళ్ల ఊడ్చిన. సాయంత్రం మా ఆయన ఆటో పెట్టి వచ్చి, "మనకైతే రొట్టెలు చెయ్యి" అన్నడు. ఇంట్ల నేను తింటందుకని పక్కకు వెట్టుకున్న రెండు శేర్ల మంచి జొన్నలుండె, పట్టిచ్చిన. పెరట్ల పాత మట్టిపొయ్యి దులిపి తుమ్మకట్టె పెట్టిన. నాలుగు రొట్టెలే గద, ఎవరూ ఆగి లేరు. ఒక్కో ముద్ద తీసుకుని పీట మీద తట్టుకుంట తిప్పుకుంట పోతుంటే చెయ్యికి దాని నడక అదే వచ్చింది. పెంక మీద ఏసి తడిబట్ట తుడిచి, పక్క తిప్పి, నిప్పుల మీదికి జరిపి చూసుకుంట కూసున్న. ముందు ఒక మూలకు బుడగ, తర్వాత అది పక్కకు పాకి, చివరికి రొట్టె అంత పొంగి నిలవడ్డది. ఎనిమిదేండ్ల సంది రోజూ చూస్తున్నదే. నిలవడి చూసింది ఆనాడే.

మా ఆయన పీట ఏసుకుని పొయ్యికాడ కూసున్నడు. మొదటి రొట్టె నాకే ఇచ్చిండు. పెంక మీదికెళ్లి దిగిన రొట్టె నా నోట్లె పడక ఎన్నేండ్లయిందో లెక్కవెడితే తేలలే. కొట్టుల నేను తినేది రాత్రి పదింటికి, మిగిలినవి, సల్లవడ్డవి. పల్లినూనె, ఎల్లిపాయ కారం, ఉల్లిగడ్డ. ఏలు కాలుతుంటే ఊదుకుంట తిన్న. ఆయన పొద్దున ఎక్కిన సవారీలల్ల ఎవరెవరు ఏమన్నరో చెప్పిండు. ఆయన ఇంత మాట్లాడుతడని మర్చిపోయిన.

మా నాయిన పాలమూరు లేబరు. శ్రీశైలం డ్యాం పనులకు పోయినప్పుడు నేను చిన్న పిల్లను, మూడు రాళ్ల పొయ్యి యాదికుంది. పొద్దంత తట్టలు మోసి వచ్చినోళ్లు, ఆకలి ఎంతున్నా రొట్టె అయ్యేదాక చుట్టూ కూసుని ఉండేటోళ్లు. తొందరగ చెయ్యి అన్నోళ్లను నేను చూడలే. అయ్యేది అప్పుడే అని వాళ్లకు ఎర్క.

మూడోదినం ఆయన పిల్లలమర్రికి, అదే మన పెద్ద మర్రిచెట్టు కాడికి తీసుకపోయిండు. ఊరికి ఇంత దగ్గరుండి ఎన్నేండ్లయిందో పోక. 2017 ఆఖర్ల చెదలు పట్టి పెద్ద కొమ్మ ఇరిగితే, జనాన్ని రానియ్యకుండ బంద్ చేసి, 2018ల సెలైన్ బాటిళ్లు కట్టి చెట్టుకు మందు చుక్క చుక్క ఎక్కిచ్చిండ్రు గద. ఊడలు నేలకు దిగేటట్టు పైపులు గూడ వెట్టిండ్రు. దాదాపు మూడెకరాల చెట్టు. మా ఆయన ఒక్కటే అన్నడు: "నీకు గూడ రెండు సీసాలు కట్టాలెనే." నవ్విన గని, ఆడ బల్ల మీద గంటసేపు ఊకనే కూసున్న. పిల్లలు ఊయాలలూగుతుంటే చూసుకుంట. టింగ్ సప్పుడు లేదు.

అప్పుడే తేల్చుకున్న. మిషన్ అమ్మేసిన, 41 వేలే వచ్చినయి. నష్టం నాది. ఫోన్ల ఆర్డర్ల డబ్బా వాపస్ ఇచ్చిన. ఆ పిల్లగాడు నష్టపోతవక్కా అన్నడు, చాయ్ తాపి పంపిన. జొన్నలు ఇగ సేటు కాడ కాదు, అలంపూర్ దిక్కు రైతుల కళ్లంకాడికే పోయి తెచ్చిన, ప్రతి సంచిల మోచేతి దాక చెయ్యి వెట్టి. ఒక రైతు నవ్వి, "పెండ్లి సంబంధం చూసినట్టు చూస్తున్నవక్కా" అన్నడు. చూస్త. రెండు దినాలకోసారి గిర్ని, ఆ రెండు దినాలకు సరిపడే పిండే. మీరు అడిగితే సంచి తెరిచి చూపిస్త.

ఇగ నుంచి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాక, రెండువందల రొట్టెలు. అయిపోతే అయిపోయినట్టే. ఒక్కరికి పదిహేను కన్నా ఎక్కువ కట్టియ్య, ఫంక్షన్లకు తీసుకోను. ధర 15 రూపాయలే, తగ్గియ్య. తక్కువకు ఇచ్చేటోళ్లు ఊర్ల మస్తుమంది ఉన్నరు, వాళ్ల పిండి సంచి మాత్రం ఒకసారి చూసి తినుండ్రి. ఇది కోపంగ అంటున్న అని నా బిడ్డ అంటున్నది. అవును.

ఆ పన్నెండు దినాలల్ల తిన్నోళ్లు వచ్చి ఎన్ని తిన్నరో చెప్పుండ్రి. పైసలైనా ఇస్త, రొట్టెలైనా ఇస్త. బిల్లు అడగ. మీ మాటే లెక్క. షుగర్ ఉండి తిన్నోళ్లకు ఊకె పైసలిస్తే సరిపోదని నాకు ఎర్కే. ఎదురుంగ నిలవడి తిట్టినా పడ్త.

వచ్చినంక ఆగాలె. ముందట మీకు నలుగురు ఉంటే అరగంట. యాపచెట్టు కింద రెండు బల్లలేసిన, బుడ్డిల నీళ్లుంటయి. ఎంతసేపయితది అని అడిగితే నేను చెప్పలేను. పోయిన సోమవారం పొయ్యి సరిగ ముట్టుతున్నదో లేదో చూద్దామని ఇరవై రొట్టెలు చేసి వాడకట్టుకు పంచిన. డిపోల పనిచేసి రిటైరైన డ్రైవరన్న, కాలేజీ హాస్టల్ పోరగాండ్లు ఒకటే బల్ల మీద కూసున్నరు. వాళ్లకు ఆయన పాత ఘాట్ రోడ్డుల రాత్రి బస్సు నడిపిన ముచ్చట చెప్తుంటే రొట్టెలు అయినయని రెండుసార్లు పిలిచినా ఎవరూ లేవలే. సల్లారుతున్నయని తిట్టిన. లోపల మాత్రం మంచిగనిపిచ్చింది.

సార్ ఇంటిదాక రెండుసార్లు పోయిన. గేటుకాడికెళ్లే మళ్లొచ్చిన. సార్, ఈ ముచ్చట ఎవరన్న మీకు చదివి వినిపిస్తే, గురువారం రాండ్రి. రెండు రొట్టెలు మీకు పక్కకు వెట్ట, మీరు వచ్చినంకనే ముద్ద తీస్త. ఆ రోజు పచ్చిపులుసు గూడ చేద్దామనుకుంటున్న. కావాలనుకునేటోళ్లు మధ్యాహ్నం లోపలనే చెప్పుండ్రి, చింతపండు నానవెట్టాలె. మంగళవారాలు ఇగ నుంచి బంద్.