తాగే పిల్లలకు కావాల్సింది సస్పెన్షన్ కాదు, కౌన్సెలర్

సంపాదకుడికి నమస్కారం.

హాస్టల్ గదిలో మందు సీసాలు దొరికితే మన ఇంజినీరింగ్ కాలేజీలు చేసేది ఒక్కటే. పిల్లలను సస్పెండ్ చేసి, తల్లిదండ్రులను పిలిపించి, ఇంకెప్పుడూ తాగనని రాయించుకుంటారు. ఎందుకు తాగుతున్నావని అడిగేవాళ్లు తక్కువ. సరదా కోసం తాగేవాళ్లు ఉంటారు, కాదనను. నలుగురిలో నోరు తెరవడానికి భయపడి తాగే పిల్లల గురించే ఈ ఉత్తరం.

హాస్టల్ వార్డెన్‌గా అలాంటివాళ్లను చాలామందిని చూశాను. ఇంటర్ రెండేళ్లూ పొద్దున్నుంచి రాత్రి దాకా పుస్తకాల ముందే కూర్చుని వస్తారు. తోటివాళ్లతో కబుర్లు చెప్పే అలవాటే ఉండదు. ఇక్కడికి రాగానే ఫ్రెషర్స్ పార్టీలో స్టేజీ ఎక్కాలి, ఇంగ్లిష్‌లో సెమినార్ చెప్పాలి. మెస్సులో నలుగురి మధ్య కూర్చోవాలంటేనే టెన్షన్ పడి, అందరూ తినేశాక వెళ్లేవాళ్లున్నారు. అలాంటి కుర్రాడు సీనియర్ల సిట్టింగ్‌లో రెండు పెగ్గులు పడగానే గలగలా మాట్లాడతాడు. మావాడికి ధైర్యం వచ్చిందని అందరూ మెచ్చుకుంటారు. మందు కంగారును కాసేపు అణచే మాట నిజమే. అది దిగాక కంగారు ఇంకా పెరుగుతుంది, రాత్రి ఏం వాగానో అన్న సిగ్గు తోడవుతుంది. మళ్లీ నలుగురి ముందుకు రావాలంటే మళ్లీ గ్లాసే. తాగకుండా కూడా మాట్లాడగలనని తెలుసుకునే అవకాశమే అతనికి రాదు. ఆడపిల్లలైతే పరువు పోతుందని మరింత దాచుకుంటారు.

నలుగురి ముందుకు రావాలంటే పట్టుకునే ఈ భయాన్ని డాక్టర్లు సోషల్ యాంగ్జైటీ అంటారు. చాలామందికి బడి వయసులోనే మొదలవుతుంది. 'వాడు సిగ్గరి' అని మనమే వదిలేస్తాం. భయపడే పనినే కొద్దికొద్దిగా చేయిస్తూ భయం పోగొట్టే థెరపీ ఉంది, అవసరమైతే మాత్రలూ ఉన్నాయి.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో స్పష్టంగా చెప్పింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలి. నాకు తెలిసిన కాలేజీల్లో మాత్రం క్రమశిక్షణ కమిటీలో ఉండే లెక్చరర్‌కే కౌన్సెలర్ అని పేరు పెడుతున్నారు. రేపు తనను సస్పెండ్ చేసే మనిషి దగ్గరికి వెళ్లి 'తాగందే మాట్లాడలేకపోతున్నాను సార్' అని ఏ పిల్లవాడు చెబుతాడు?

అఫిలియేషన్ తనిఖీకి వచ్చేవాళ్లు ల్యాబులు, ఫ్యాకల్టీ లెక్కలతో పాటు కౌన్సెలర్ అర్హత పత్రాలూ అడగాలి. తనంతట తాను సాయం కోరి వచ్చిన విద్యార్థిపై చర్య ఉండదని కాలేజీ రాసివ్వాలి. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416 ప్రతి హాస్టల్ గోడ మీద కనిపించాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. కాలేజీల చుట్టుపక్కల దుకాణాల్లో వయసు అడుగుతున్నారో లేదో ఎక్సైజ్ శాఖ చూడాలి. వచ్చే విద్యా సంవత్సరం అడ్మిషన్లు మొదలయ్యేలోపే రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఈ మేరకు ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, హన్మకొండ