ఏడ్చే చోట జోకు వేయొద్దు

సంపాదకుల వారికి, నమస్కారం.

పోయిన ఆదివారం సినిమా పేజీలో సూపర్‌హీరో సినిమాల మీద వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. జోకులు ఎక్కువయ్యాయి, తగ్గిస్తే సరిపోతుందని తేల్చేశారు. ఎక్కువవడం కాదండీ అసలు బాధ, పడకూడని చోట పడటం.

2022లో ‘థోర్: లవ్ అండ్ థండర్’కి మనవరాలిని తీసుకెళ్లాను. అందులో హీరో థోర్ ప్రేమించిన జేన్‌కి నాలుగో దశ క్యాన్సర్. మా మనవరాలి తాతయ్య ఆ జబ్బుతోనే పోయారు. జేన్ ఆస్పత్రిలో కీమో ఎక్కించుకుంటుంటే పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంతలోనే జోకు, హాలంతా నవ్వు. పిల్ల గబగబా కళ్లు తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. పదకొండేళ్ల పిల్ల ఏడ్చినందుకు సిగ్గుపడింది! ఆ తర్వాత మాటిమాటికీ థోర్ పడవ లాగే మేకల అరుపులు. నాకైతే లేచి వచ్చేద్దామనిపించింది.

నవ్వు వద్దని నేననను. మలయాళ సూపర్‌హీరో సినిమా ‘మిన్నల్ మురళి’లో ఎంత నవ్వించారు! కానీ అందులో విలన్, టీకొట్టు షిబు ఏళ్ల తరబడి ప్రేమించిన ఉష మంటల్లో పోయినప్పుడు ఒక్క జోకూ వేయలేదు. విలన్ కోసం మా ఇంట్లో అందరం ఏడ్చాం.

అంతెందుకు, మేముండే చోటికి కూతవేటు దూరంలో, వడపళని వాహినీ స్టూడియోలో తీసిన ‘మాయాబజార్’ (1957) చూడండి. ఘటోత్కచుడిని మించిన సూపర్‌హీరో ఎవరున్నారు? అన్నగారింట్లో సుభద్రకు అవమానం జరిగే ఘట్టంలో కె.వి.రెడ్డిగారు నవ్వును దగ్గరికి రానివ్వలేదు. ఆ అవమానం మన గుండెకు తగిలింది కాబట్టే, తర్వాత ఘటోత్కచుడు కౌరవుల్ని ఎంత ఏడిపించినా తనివి తీరదు. ఇప్పటి రచయితలకు ఈ వరస ఎందుకు పట్టదో!

తెలుగు డబ్బింగులు ఇంకా ఘోరం. చావుబతుకుల్లో ఉన్న పాత్ర నోట్లో కూడా ఆ నెల ట్రెండింగ్ డైలాగు పెడుతున్నారు. చెన్నైలో పుట్టి, బడిలో తెలుగు లేని మా పిల్లలకు తెలుగంటే పంచ్ డైలాగులే అనిపించదా?

పిల్లలు పెద్దల సలహాతో చూడాల్సిన సినిమాలకిచ్చే యూఏ సర్టిఫికెట్‌ను సెన్సారు వారు 2024లో 7, 13, 16 ఏళ్లుగా విడగొట్టారు, మంచిదే. మరి ఆ అంకె పెద్దవాళ్లకు చెప్పేదెవరు? మా దగ్గరి మల్టీప్లెక్సులో ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు. సర్టిఫికెట్ తెర మీద పడేటప్పటికి సగం మంది ఇంకా సీట్లు వెతుక్కుంటూనే ఉంటారు.

మీ సమీక్షకులకు ఒక మాట చెప్పండి. కామెడీ పండిందని రాసి స్టార్లు ఇచ్చేస్తే సరిపోదు. ఏ సీన్లో పండిందో, ఎవరి ఏడుపు మధ్యలో పండిందో కూడా రాయమనండి. వచ్చే సెలవుల్లో పిల్లను ఏ సినిమాకి తీసుకెళ్లాలో నేను అది చూసే నిర్ణయించుకుంటాను.

— ఒక పాఠకురాలు, సాలిగ్రామం, చెన్నై