నిమ్మకాయలకు ఆడిట్ అభ్యంతరం

సంపాదకుల వారికి,

హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఒక ఏడాది సైన్స్ ఫెయిర్ ఖర్చుల్లో రాగి తీగ, మేకులు, నిమ్మకాయలు అని రాశాను. తీగనూ మేకులనూ ఎవరూ ఏమీ అనలేదు. నిమ్మకాయల పక్కన మాత్రం ఎర్ర సిరాతో 'తినుబండారాలు, రికవరీ చేయాలి' అని పడింది. వాటితోనే పిల్లలు చిన్న ఎల్‌ఈడీ బల్బు వెలిగించారని చెప్పినా వినలేదు. డబ్బు నేనే కట్టాను.

అమెరికాలో పరిశోధన నిధుల 'దుబారా' మీద వార్త చూసినప్పుడల్లా నాకు ఆ ఎర్ర సిరాయే గుర్తొస్తుంది. 2011లో సెనేటర్ టామ్ కోబర్న్, పరిశోధనలకు నిధులిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఖర్చులపై ఇచ్చిన నివేదికలో ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తే రొయ్య బాగా నవ్వులపాలైంది. లక్షల డాలర్లు తగలేశారన్నారు, చెప్పగా చెప్పగా ఆ అంకె 30 లక్షలకు చేరింది. ఆ ట్రెడ్‌మిల్‌ను డేవిడ్ స్కోల్నిక్ అనే శాస్త్రవేత్త పాత ట్రక్కు ట్యూబు, స్కేట్‌బోర్డు బేరింగులు, వాడేసిన పంపు మోటారుతో తయారుచేసుకున్నాడు. ఖర్చు 47 డాలర్లు, అదీ సొంత జేబులోంచి! జబ్బు చేసిన రొయ్య, నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఎంతవరకు తట్టుకుంటుందన్నది అక్కడి ప్రశ్న. తెల్లవారుజామున చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్ ఆగితే గుండె ఆగినంత పనయ్యే మా నెల్లూరు జిల్లా రొయ్యల రైతుకు ఇది నవ్వులాట కాదు.

పరిశోధనకే ఈ గతి పడితే, సైన్స్‌ను జనంలోకి తీసుకెళ్లే పనుల మాట చెప్పక్కర్లేదు. వాతావరణ మార్పుపై సంగీత నాటకానికి అదే ఫౌండేషన్ 2010లో దాదాపు 7 లక్షల డాలర్లు ఇచ్చింది. ప్రతినిధుల సభ సైన్స్ కమిటీ అధ్యక్షుడిగా లామర్ స్మిత్ దాన్ని వృథాకు నమూనాగా చూపించారు. 2014లో కమిటీ సిబ్బంది ఫౌండేషన్ ఆఫీసుకు వెళ్లి పదుల కొద్దీ గ్రాంట్ల ఫైళ్లు తిరగేశారు. నాటకం బాగాలేదంటే అనండి, టికెట్ కొన్నవాడికి ఆ హక్కుంది. లెక్క తేడా వస్తే నిలదీయండి. కానీ సైన్స్ డబ్బుతో నాటకమేమిటి అన్న ప్రశ్న మాత్రం నాకు మింగుడుపడదు. తొంభైల మొదట్లో మా జిల్లాలో అక్షరాస్యత కళాజాతాలు ఊరూరా పాటలు పాడాయి, నాటికలు వేశాయి. ఆ రాత్రిబడుల్లోంచే దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. పాటకూ ఆటకూ డబ్బులెందుకని అప్పుడెవరూ ఫైలు తెరవకపోవడం మా అదృష్టం.

2025 ఏప్రిల్ నుంచి ఆ ఫౌండేషన్ గ్రాంట్లను కట్టగట్టి రద్దు చేసింది. సైన్స్ విద్యకు సంబంధించినవే ఎక్కువగా పోయాయి. మన పిల్లలెందరో అక్కడి ల్యాబుల్లో ఉన్నారు కాబట్టి మన ఇళ్లలోనూ ఆ టెన్షన్ ఉంది.

మీకు నా విన్నపం ఒక్కటే. ఇలాంటి 'దుబారా' జాబితాలు వార్తా ఏజెన్సీల నుంచి వచ్చినప్పుడు శీర్షికలో రొయ్యను పరిగెత్తించండి, తప్పులేదు. దాన్ని ఎందుకు పరిగెత్తించారో కూడా కింద రెండు వాక్యాలు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నెల్లూరు జిల్లా