బర్రె కొమ్ముల సంగతి

హనుమకొండ,
సెప్టెంబర్ 12

చిరంజీవి చిన్నోడికి,

అమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేం బాగున్నాం. నువ్వు అక్కడ బాగున్నావని అనుకుంటున్నాం. అనుకోవడమే, ఎందుకంటే నువ్వు ఫోన్లో మాట్లాడి 22 రోజులైంది. వాట్సాప్‌లో నువ్వు పెట్టే బొటనవేలు బొమ్మను మీ బాపు మాట కింద లెక్కేసుకుంటాడు. నేను లెక్కేయను. సరే, అది అడగడానికి రాయడం లేదు. మొన్న బడికి పోయొచ్చాను, ఆ ముచ్చట చెబుదామని కూర్చున్నా. ఫోన్లో అయితే సగంలోనే "అమ్మా, మీటింగ్ ఉంది" అంటావు.

వానలు గట్టిగానే పడ్డాయి. పెద్దమ్మ వాళ్ళ వెనక గోడ కూలింది. నువ్వు చెప్పిన మూలనే కూలింది, ఆమె మాత్రం ఒప్పుకోదు. నీ గదిలో కిటికీ పక్కన మళ్ళీ చెమ్మ దిగితే నీ ఇంజనీరింగ్ పుస్తకాలన్నీ మంచం మీదికి ఎక్కించాను. రాంపూర్ అత్త బిడ్డ నిశ్చితార్థానికి పోయాం. వంట బాగుంది, వడ్డించేవాళ్ళే లేరు. అక్కడ కరీంనగర్ అక్క మరిది కలిశాడు. పోయిన మంగళవారం పొద్దున 11 గంటలకు నిన్ను చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద చూశాడట. చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో లావుపాటి పుస్తకం. పిలిస్తే పలకలేదట. ఆయనకు కంట్లో శుక్లం ఉంది, ఎంత చెప్పినా ఆపరేషన్ చేయించుకోడు, అందుకే నేను పట్టించుకోలేదు. మాదాపూర్‌లో ఆఫీసున్నవాడు మంగళవారం పొద్దున చిక్కడపల్లిలో ఎందుకుంటాడన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అది పక్కన పెట్టు. సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినరోజు, భాషా దినోత్సవం కదా. ఆ రోజుకు పరకాల దారిలో ఒక ప్రాథమిక పాఠశాలకు పిలిచారు. ఊరి పేరు రాయను, అక్కడి హెచ్ఎం మొహమాటస్తురాలు. ఒకప్పుడు నా క్లాసులోనే టీచింగ్ ప్రాక్టీసు చేసిన పిల్ల, ఇప్పుడు ఆమెకే వెంట్రుకలు నెరిశాయి. పిల్లలకు ఒక రచయిత్రిని చూపించాలట. "నేను రచయిత్రినేనంటావా?" అని మీ బాపును అడిగితే, "అచ్చేయించిన పైసలు తిరిగి రాలేదు కాబట్టి అయి ఉంటావు" అన్నాడు.

ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకొని బస్సెక్కాను. సంచిలో 30 దుడ్డె పుస్తకాలు, అదే, నేను రాసి అచ్చేయించిన ఆ బర్రెదూడ కథ. ఒక్క పుస్తకం అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు, 30 కలిసేసరికి భుజం గుంజింది. నువ్వుంటే మోసేవాడివి.

బడిలో 28 మంది పిల్లలు, ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు. ఆ రోజు ఒకామె కాంప్లెక్స్ మీటింగ్‌కు పోయింది. అందరినీ వరండాలో కూర్చోబెట్టారు, చిన్నవాళ్ళు ముందు, ఐదో తరగతి వెనక. వంటగదిలో గుడ్లు ఉడుకుతున్న వాసన. బడికొచ్చి మాట్లాడే పెద్దమనుషులను 31 ఏళ్ళు చూశాను నేను. శాలువా కప్పించుకొని "నేటి బాలలే రేపటి పౌరులు" అంటూ మొదలుపెడతారు, రేపటి పౌరులు బండల సందుల్లో చీమలను లెక్కపెడుతుంటారు. నేనట్లా చేయొద్దనుకొని, ముందు మీరే అడగండి అన్నాను.

మొదటి ప్రశ్న: "ఇదంతా నువ్వే రాసినవా?" రెండోది: "అన్ని బుక్కులూ చేత్తోనే రాసినవా? చెయ్యి నొయ్యలేదా?" దానికేం చెప్పాలో ముందు తోచలేదు. తర్వాత హెచ్ఎం దగ్గర పెద్ద తెల్ల కాగితం అడిగి తీసుకొని మూడు మడతలు పెట్టాను. మడత విప్పకుండానే 1 నుంచి 16 వరకు అంకెలు వేయించాను, ఒక్కొక్కరితో ఒక్కో అంకె. తర్వాత విప్పి చూపిస్తే 1 పక్కన 16 ఉంది, కొన్ని అంకెలు తలకిందులుగా ఉన్నాయి. "తప్పేసినవ్ టీచర్!" అని ఒకటే గోల. ప్రెస్సులో ఇట్లా పెద్ద కాగితం మీదే అచ్చేస్తారని, మడిచి పిన్ను కొట్టి అంచులు కోస్తే పేజీలు వాటంతటవే వరుసలోకి వస్తాయని చెప్పాను. నలుగురైదుగురు నోట్‌బుక్కుల్లోంచి కాగితాలు చింపి అక్కడే మడతలు పెట్టారు. హెచ్ఎం ముఖం చూడాల్సింది, ఇప్పుడే పంచిన నోట్‌బుక్కులట.

ఆ తర్వాత కథ చదివాను. ఎప్పటిలాగే అవ్వ మాటకు అవ్వ గొంతు, దుడ్డెకు దుడ్డె గొంతు. ఏడో పేజీ తిప్పి బొమ్మ చూపించగానే మూడో తరగతి పిల్లగాడు ఒకడు లేచాడు. చొక్కాకు రెండే గుండీలున్నాయి.

"గిది బర్రె కాదు టీచర్."

"మరేంది?"

"ఆవు. నల్ల రంగేసిన్రు."

నాకు కోపం వచ్చింది, ఎందుకు దాచాలి. ఆ బొమ్మ వేసిన పిల్ల హైదరాబాద్‌లో నేర్చుకున్న మనిషి, నేను మూడు నెలలు ఎదురుచూసి వేయించుకున్నాను. బర్రే బిడ్డా, సరిగ్గా చూడు అన్నాను. వాడు చూడలేదు. నేరుగా బోర్డు దగ్గరికి పోయి సుద్దముక్కతో కొమ్ము గీశాడు. "మాది ముర్రా బర్రె. కొమ్ములు జిలేబి లెక్క చుట్టుకొని ఉంటయి. నీ బర్రెకు సూటిగ పైకున్నయి." ఇంకొకతె లేచింది, వాళ్ళది నాటు బర్రె అట, దాని కొమ్ములు వెనక్కి వంగి కొడవలిలా ఉంటాయట. ఆమె ఇంకో కొమ్ము గీసింది. తర్వాత ఒక్కొక్కరూ వాళ్ళింటి బర్రె కొమ్ములు గీయడానికి లైన్ కట్టారు. బోర్డు నిండా కొమ్ములే. ఒకటో తరగతి పిల్ల ఒకతె వాళ్ళింట్లో బర్రె లేదని ఏడిస్తే, మేక కొమ్ములు గీయమని సుద్దముక్క ఇచ్చాను. ఆ ఇరవై నిమిషాలూ నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పుస్తకంలో దీర్ఘాలు, ఒత్తులు ఆరుసార్లు చూసుకున్నదాన్ని, బొమ్మను మాత్రం ఒక్కసారి కూడా బర్రెను చూసినట్టు చూడలేదు. నీకు లెక్కల్లో చెప్పేదాన్ని గుర్తుందా, జవాబు చూసి మురిసిపోకు, ప్రశ్న మళ్ళీ చదువు అని.

అక్కడితో అయిపోలేదు. 11వ పేజీ నీకు తెలుసు కదా. దుడ్డె తాడు తెంపుకొని చెరువు నిండి మత్తడి దుంకేది చూడటానికి కట్టకు పోతుంది, ఇక్కడ అవ్వ చెంబెడు పాలు పిండుకొని లేచి చూస్తే దుడ్డె ఉండదు. అందాకా చదివి ఆపాను, ఆపితే పిల్లలు తర్వాతేమైందని అడుగుతారు. కొమ్ము గీసినవాడే మళ్ళీ లేచాడు.

"దుడ్డె లేకుంటే పాలెట్ల పిండింది?"

నాకు అర్థం కాలేదు. వాడే చెప్పాడు. దుడ్డెను విడిచి కాసేపు కుడవనిస్తేనే బర్రె చేపుతుంది. దుడ్డె కనబడకపోతే పాలు ఎగబెట్టుకుంటుంది, ఎంత పిండినా రావు. "అరుస్తది టీచర్. కుడితి పెట్టినా ముట్టదు, దర్వాజ దిక్కే చూస్తది. కొందరు సూదేస్తరు. మా తాత వేయనియ్యడు." వెనక నుంచి ఐదో తరగతి వాళ్ళు కూడా అవునన్నారు. హెచ్ఎం కూడా తల ఊపింది, ఆమె పుట్టింట్లోనూ బర్రెలుండేవి. అందరికీ తెలిసిన సంగతే, రాసిన నాకు తప్ప.

తప్పు రాశాను, మళ్ళీ అచ్చేసినప్పుడు మారుస్తానని చెప్పాను. "మరి గిప్పుడు మాకిచ్చేదాంట్ల?" అన్నాడు వాడు. వాడి కాపీలో ఆ వాక్యం కొట్టేసి, పైన "పాలు చేపలేదు" అని రాసి, కింద సంతకం పెట్టాను. అంతే, మిగతా 27 మందికీ అట్లాగే కావాల్సి వచ్చింది.

ఇదంతా నీకు ఊరికే రాస్తున్నా. ఇందులో నీకు సంబంధించింది ఏమీ లేదు.

బస్సులో వస్తుంటే మా భాషా నిలయం గుర్తొచ్చింది. 1904లో, నిజాం కాలంలో మన హనుమకొండలో పెట్టిన రాజరాజ నరేంద్ర భాషా నిలయం. మా నాయిన సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకొని తీసుకుపోయేవాడు. ఆయన పేపర్ చదివినంతసేపు నేను చందమామ చదివేదాన్ని. లైబ్రరీ అంటే నాకు అదీ. చిక్కడపల్లి లైబ్రరీ కూడా మంచిదేనట. కాకపోతే అక్కడ కథలు చదివేవాళ్ళ కంటే గ్రూప్స్‌కు చదివేవాళ్ళే ఎక్కువట, పెందలాడే పోకపోతే కుర్చీ దొరకదట, అందరూ మధ్యాహ్నానికి డబ్బా కట్టుకొని పోతారట. ఎవరో చెబితే విన్నా.

గ్రూప్స్ రాయడం తప్పని నేనెప్పుడూ అనలేదు. మిమ్మల్నిద్దరినీ పెంచింది సర్కారు జీతమే. కానీ 503 పోస్టులకు 2022లో వచ్చిన ఆ గ్రూప్-1 చూడు. ప్రిలిమ్స్ ఒకసారి పేపర్ లీకై రద్దయింది, రెండోసారి కోర్టు రద్దు చేసింది, మూడోసారి 2024 జూన్‌లో కొత్త నోటిఫికేషన్ మీద రాశారు. మన వీధి చివరింటి పిల్ల మూడుసార్లూ రాసింది. ఆమె తెలివి తక్కువది కాదు, నాకంటే నీకే బాగా తెలుసు. చేతిలో కనీసం ఏడాది ఖర్చు ఉండాలి. వేళకు తినాలి, ఎందుకంటే అక్కడ అందరూ ఛాయ్ మీదే బతుకుతారట. ఆఫీసు వాళ్ళిచ్చే ఇన్సూరెన్స్ కొలువుతో పాటే పోతుంది, ఆ సంగతి ఎంతమందికి గుర్తుంటుంది? కూర్చొని కూర్చొని నడుము పోతుంది, నీకు ఇంటర్‌లోనే నొప్పి ఉండేది. నేనెవరి గురించో రాస్తున్నా. ఇట్లా చెప్పొద్దనే అనుకొని కూర్చున్నా, 31 ఏళ్ళ అలవాటు.

ఈ ఉత్తరం ఆ మాదాపూర్ హాస్టల్ అడ్రస్‌కే స్పీడ్ పోస్టులో పంపుతున్నా. నువ్వక్కడ లేకపోతే తిరిగి నా దగ్గరికే వస్తుంది, ఏం ఫరవాలేదు. వస్తే వస్తుంది, నాకు ఒక సంగతి తెలుస్తుంది.

మీ బాపు బాగానే ఉన్నాడు. బీపీ గోళీ నేను ఇస్తేనే వేసుకుంటాడు. ఆ రోజు నేను బడి నుంచి వచ్చి కొమ్ముల సంగతి చెప్పగానే లేచిపోయి మంచం కింద ఉన్న పుస్తకాల కట్టలు బయటికి లాగాడు. 340 కాపీలున్నాయి. అప్పటి నుంచి నల్ల జెల్ పెన్ను పట్టుకొని ఏడో పేజీలో కొమ్ములు దిద్దుతున్నాడు. లోకో షెడ్డులో నట్లు బిగించిన చెయ్యి కదా, ఒక కొమ్ముకూ ఇంకోదానికీ తేడా లేదు. ఎవరి కోసమయ్యా అంటే, "ఆ పిల్లగాడు మళ్ళీ చూస్తే?" అంటాడు. నిన్నటికి 112 అయ్యాయి. పాల వాక్యం మాత్రం నువ్వే రాసుకో అన్నాడు.

నిన్న బ్యాంకుకు పోయి పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకొచ్చాను. పోయిన నెల ఒకసారి, ఈ నెల ఒకసారి, ఆరేసి వేలు నీ ఖాతాకు పోయాయి. జీతం వచ్చే కొడుక్కి ఎందుకు పంపావని అడిగితే మీ బాపు తలెత్తకుండా, "పెన్నులో ఇంకు అయిపోయింది, ఇంకోటి పట్టుకురా" అన్నాడు. పట్టుకొచ్చి ఇచ్చాను. నేనింకేం అడగలేదు.

బతుకమ్మకు వస్తావు కదా. పెద్దక్క పిల్లలను తీసుకొని వస్తోంది. తంగేడు పువ్వు తెచ్చేవాళ్ళు లేరు, పోయినేడు పక్కింటివాళ్ళను బతిమాలాను. బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, నీకు వెంటనే జలుబు చేస్తుంది.

సర్వపిండి చేసి పంపుదామంటే దారిలోనే మెత్తబడుతుంది. మురుకులు, పల్లిపట్టీలు చేసి పెట్టాను. ఒక సీసా చింతకాయ తొక్కు కూడా ఉంది, ఇంట్లో వండిన అన్నం దొరకని రోజు హాస్టల్ అన్నంలోకైనా పనికొస్తుంది. డబ్బాకు తెల్లగుడ్డ కుట్టించాను. కార్గోలో వేద్దామని రెండుసార్లు బస్టాండ్ దాకా పోయి వచ్చాను. గుడ్డ మీద నీ పేరు రాశాను, ఫోన్ నంబర్ రాశాను. కింద మాదాపూర్ అని రాయాలా, చిక్కడపల్లి అని రాయాలా చెప్పు. ఏది చెబితే అదే రాస్తాను.

మీ అమ్మ