క్యాబినెట్ మారిస్తే వారంటీ ఎలా పోతుందండీ?

కస్టమర్ కేర్ వారికి,

నమస్తే. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇక్కడ నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, ఆల్బమ్‌లు చేస్తుంటాను, ఒకే పెళ్లికి తెలుగులోనూ ఒడియాలోనూ కార్డులు కావాలనేవాళ్లు మా దగ్గర మామూలే. బల్ల మీద చోటు కలిసొస్తుందని కిందటేడు మీ స్లిమ్ డెస్క్‌టాప్ కొన్నాను. మెషీన్ స్పీడు గురించి నాకు ఫిర్యాదేం లేదు, గొడవంతా దాని డబ్బాతోనే, అదే క్యాబినెట్‌తోనే.

ఎండాకాలంలో ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్ పెడితే లోపల వేడికి ఫ్యాన్ ఆగకుండా మోగుతుంది. మామూలు సైజు గ్రాఫిక్స్ కార్డు పెడదామంటే ఎత్తు చాలదు. అందుకే మైక్రో ఏటీఎక్స్ అనే మామూలు కొలతల క్యాబినెట్, మామూలు ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే యూనిట్) కొని సామాన్లన్నీ అందులోకి మార్చాను. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు తెచ్చిందే ఎవరి మదర్‌బోర్డయినా ఎవరి క్యాబినెట్‌లోనైనా కూర్చోవాలని కదా.

మీ బోర్డు మాత్రం తిన్నగా కూర్చోదు. బజార్లో దొరికే ఎస్ఎంపీఎస్‌కి 24 పిన్నుల కనెక్టర్ ఉంటే మీ బోర్డుకి ఉన్నది 6 పిన్నులే, పోనీ ఏ పిన్ను దేనికో రాశారా అంటే మాన్యువల్‌లో ఆ పేజీయే లేదు. వెనక పోర్టుల చుట్టూ ఉండే రేకు విడిగా రాదు, పాత డబ్బాకే అతికి ఉంది. అన్నిటికంటే ఘోరం ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్: దాని నాలుగు స్క్రూలూ బోర్డులోంచి దూరి డబ్బా అడుగు రేకుకి బిగుస్తాయి, బోర్డు బయటికి తీయగానే హీట్‌సింక్ ఊడి చేతికొస్తుంది. కొత్త క్యాబినెట్‌లో దాన్ని పట్టుకునేదే లేదు, బోర్డు వెనక వేరే బ్రాకెట్ పెట్టి బిగించాల్సొచ్చింది. ఇంత చేశాక కూడా ఆన్ చేసిన ప్రతిసారీ డబ్బా ముందువైపు యూఎస్‌బీ పోర్టుల కేబుల్ లేదంటూ ఆగిపోయి ఎఫ్1 నొక్కమంటుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పని వదిలి లేచెళ్లి ఎఫ్1 నొక్కాలి, మా ఊళ్లో కరెంటు సంగతి మీకేం తెలుసులెండి.

ఇదంతా సర్దుకున్నాను. అంతలో బోర్డు మీద నెట్ కేబుల్ పెట్టే ల్యాన్ పోర్టు పోయింది. బరంపురం సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తే మూత కూడా విప్పకుండా "ఒరిజినల్ బాడీలో లేదు, వారంటీ చెల్లదు" అనేశారు. వారంటీ కార్డు ముందూ వెనకా చదివాను, డబ్బా మార్చకూడదని ఒక్క ముక్క లేదు. డబ్బా మారితే ల్యాన్ పోర్టు ఎలా పోతుందో అడిగితే జవాబు లేదు, రూల్ అంటారు. ఆ రూల్ ఎక్కడుందో చూపించమంటే టోల్ ఫ్రీకి చేసుకోమంటారు, అక్కడేమో మళ్లీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లమంటారు.

నాకు కావాల్సింది పెద్దదేం కాదు. ల్యాన్ పోర్టు వారంటీలోనే బాగుచేయండి. పవర్ పిన్నుల వివరం రాతపూర్వకంగా ఇవ్వండి, ఆ ముందువైపు యూఎస్‌బీ కేబుల్ విడిగా అమ్మండి, డబ్బులిచ్చే కొనుక్కుంటాను. సామాన్లు వేరే క్యాబినెట్‌లో పట్టవని అట్టపెట్టె మీదే వేయండి, చూసి కొనాలో వద్దో జనమే తేల్చుకుంటారు. కొన్న వస్తువుని బాగుచేయించుకునే హక్కు కోసం 2022లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది మీలాంటి కంపెనీల కోసమే.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు కాబట్టి మీ హెడ్డాఫీసు ఊరికి నేను రానక్కర్లేదు. జవాబు మెయిల్‌లోనే ఇవ్వండి, ఫోన్‌లో చెప్పిన మాట రేపు ఎవరూ ఒప్పుకోరు. బిల్లు, వారంటీ కార్డు, బోర్డు ఫోటోలు జతచేశాను.

ఇట్లు,
మీ కస్టమర్, పర్లాకిమిడి